గుద్దుట, తగులుట, తాకుట

గుర్రాలపేట లాకుల దగ్గర మేడిశెట్టి లోవరాజును రొయ్యల మేత వ్యాను గుద్దేసిన సంగతిలో మొదట్లో ఎవరికీ ఏ సందేహమూ లేదు. గుద్దించుకున్న లోవరాజుకు లేదు. గుద్దిన డ్రైవరుకు లేదు. పక్కనే నిలబడి చూసిన చిట్టూరి భ్రమరాంబకు అసలే లేదు. సందేహం ప్రభుత్వానికి వచ్చింది.

లోవరాజు టైల్స్ మేస్త్రీ. రోజంతా గొంతుక్కూర్చుని పలక పక్కన పలక పేర్చుకుంటూ వెనక్కి వెనక్కి జరగడం అతని పని. ఆ ఉదయం పనికి పోతూ లాకుల దగ్గర భ్రమరాంబ చెరుకురసం బండి ముందు ఆగాడు. రసం తాగి, గ్లాసు బండి మీద పెట్టి, మార్జిన్లో నిలబెట్టిన మోపెడ్ వైపు నడుస్తున్నాడు. కాలవ గట్టు మీది రోడ్డు అక్కడే మలుపు తిరుగుతుంది. మలుపులో వచ్చిన వ్యానుకు ఓ గేదె అడ్డం పడింది. దాన్ని తప్పించబోయి వ్యాను మార్జిన్లోకి దిగింది. గేదెకు ఏమీ కాలేదు. లోవరాజు గట్టు కింద తుప్పల్లో తేలాడు.

డ్రైవరు వాసంశెట్టి గణపతి పారిపోలేదు. కిందికి ఉరికి, లోవరాజు కాళ్ళు భ్రమరాంబ పట్టుకుంటే తను భుజాలు పట్టుకుని, మేత బస్తాల మీద అతణ్ణి పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగిందన్నారు. అక్కణ్ణుంచి గణపతి తిన్నగా పోలీసు స్టేషన్‌కు వెళ్ళి ఎస్సై ఎదురుగా నిలబడ్డాడు.

"నేనే గుద్దేశానండి. గేదెని చూశానండి, మనిషిని చూళ్ళేదండి. తప్పు నాదేనండి."

ఎస్సై బొంతు దావీదు అతణ్ణి కూర్చోమన్నాడు. మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. గుద్దినవాడు గుద్దానంటున్నాడు, చూసినవాళ్ళు చూశామంటున్నారు, ఎవరూ ఎవరి మీదా అబద్ధం చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరాక ఇలాంటి కేసు ఆయన చేతికి రాలేదు. సంతోషంగా రాసుకుంటూ వెళ్ళి 'వాహనపు వేగం' అన్నచోట ఆగాడు.

భ్రమరాంబను అడిగాడు.

"నూట యాభై ఉంటాది బాబూ," అందావిడ.

"ఆ వ్యానుని కొండ మీంచి తోసేసినా అంత స్పీడు రాదమ్మా."

"అయితే నన్నెందుకడిగారు? నేను మిషన్లోంచి పిప్పి తీత్తన్నాను. చూసేతలికి వచ్చేసింది, గుద్దేసింది. దాని పక్కన నేనేవన్నా పరిగెట్టానా ఎంత స్పీడో తెలడానికి?"

లాకుల మీద గాలం వేసుకు కూర్చున్న పెద్దాయన ఇరవై అన్నాడు. గణపతి నలభై అన్నాడు గాని, ఆ వ్యాను మీటరు ముల్లు తను పనిలో చేరినప్పటి నుంచీ సున్నా మీదే ఉందని కూడా ఒప్పుకున్నాడు.

వెనకటి రోజులైతే దావీదు 'మిక్కిలి వేగముగా' అని రాసి సంతకం పెట్టేవాడు. ఇప్పుడా మాట రాయకూడదు. సాక్షులు వేగం చెప్పాల్సిన ప్రతి కేసూ జిల్లా రహదారి సాక్ష్య ప్రమాణీకరణ విభాగానికి పోవాలి. దావీదు ఓ నిట్టూర్పు విడిచి ఫైలు పంపించాడు.

ఆ విభాగం పుట్టుక గురించి చెప్పాలి. అంతకు ముందు ఏదో కేసులో ముగ్గురు సాక్షులు ఒకే కారుకు మూడు వేగాలు చెప్పారు. దారిన పోయేవాళ్ళు చెప్పే వేగాన్ని నమ్మి తీర్పులివ్వలేమని కోర్టు వ్యాఖ్యానించింది. అంటే అడగడం మానెయ్యమని అర్థమని దావీదు లాంటివాళ్ళు అనుకున్నారు. పైవాళ్ళు ఇంకా లోతుగా ఆలోచించి, అడగడానికే ఒక విభాగాన్ని పెట్టారు. దానికి డిప్యూటీ డైరెక్టరుగా వేదాంతం పరాంకుశరావును వేశారు. ఆయన అప్పటిదాకా కొబ్బరి పీచు అభివృద్ధిలో ఉండేవాడు. అక్కడ అభివృద్ధి పూర్తయిందని ఆయనే నివేదిక ఇవ్వడంతో ఖాళీగా ఉన్నాడు.

పరాంకుశరావు పనిమంతుడు. వచ్చీ రాగానే ఒక కల్యాణ మండపం తీసుకుని, ఊళ్ళోవాళ్ళను పిలిచి, ఉప్మా పెట్టి, రెండు కార్ల ప్రమాదం ఒకటి తెర మీద చూపించాడు. చూసినవాళ్ళలో సగం మందిని "కార్లు ఒకదానికొకటి తాకినప్పుడు వేగమెంత?" అని అడిగించాడు. మిగతా సగం మందిని "కార్లు గుద్దేసుకున్నప్పుడు వేగమెంత?" అని అడిగించాడు. చూసిన బొమ్మ ఒకటే. తాకినప్పుడు అని అడిగితే పదో పదిహేనో అన్నారు. గుద్దేసుకున్నప్పుడు అని అడిగితే యాభై, అరవై అన్నారు. ఓ ముసలాయన ఒళ్ళు జలదరించి ఉప్మా పక్కన పెట్టేశాడు.

లెక్కలు వేసిన కుర్ర ఉద్యోగి ఫలితాలు పట్టుకొచ్చి, "సార్, మనుషులు చెప్పే వేగాన్ని నమ్మడానికి వీల్లేదని తేలిపోయింది. మనం ఎలా అడిగితే అలా చెబుతున్నారు," అన్నాడు.

పరాంకుశరావు కళ్ళజోడు తీసి అతనికేసి జాలిగా చూశాడు.

"మీరు ఫలితాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. మనిషి తప్పుతున్నాడు, నిజమే. క్రియాపదం తప్పుతోందా? తాకుట అంటే ఎవరైనా తక్కువే చెబుతున్నారు. గుద్దివేయుట అంటే ఎవరైనా ఎక్కువే చెబుతున్నారు. ఇంత నిలకడైన కొలమానం ప్రభుత్వానికి ఇంకెక్కడ దొరుకుతుంది? ఇకమీదట సాక్షిని వేగం అడగం. క్రియ అడుగుతాం. వేగం మనమే వేసుకుంటాం."

అలా 'వేగక్రియా పట్టిక' తయారైంది. తయారుచేసినాయన చర్ల సోమయాజులు, రిటైరైన తెలుగు లెక్చరరు. మాటకు మీటరు బిగించడం ఆయనకు మొదట నచ్చలేదు. కాని రిటైరయ్యాక ఇన్నేళ్ళకు గడప తొక్కి తనను వ్యాకరణం అడిగినవాడు పరాంకుశరావు ఒక్కడే. ఆ ఆనందంలో ఒప్పేసుకున్నాడు. తాకుట పది కిలోమీటర్లు. రాసుకొనుట పదిహేను. తగులుట ఇరవై. కొట్టుట ముప్పై. గుద్దుట నలభై. ఢీకొనుట అరవై. అది ఒత్తక్షరం ఉన్న మాట గనక ఇంకాస్త వేయాలని ఒకరన్నారు గాని, ఆ సవరణ వీగిపోయింది. క్రియ చివర 'వేయు' చేరితే పది, 'పారవేయు' చేరితే ఇరవై అదనం. 'గుద్దుకొనుట'లో వేగాన్ని చెరిసగం పంచాలి.

పట్టిక వాడే హక్కు పరీక్ష పాసైన సాక్షులకే ఉంటుంది. అందుకని భ్రమరాంబకు శిక్షణకు రమ్మని కబురొచ్చింది. ఆవిడ బండి మీద గోనెపట్టా కప్పి, జిల్లా కేంద్రానికి బస్సెక్కింది.

క్లాసులో ఆవిడతో పాటు ఓ ఆటో డ్రైవరు, ఇద్దరు బడి టీచర్లు, ప్రమాదమేదీ చూడకపోయినా ముందు జాగ్రత్తగా వచ్చిన ఓ రిటైర్డు తాసిల్దారు ఉన్నారు. సోమయాజులు తెర మీద ఒక మోటారు సైకిలు పాలక్యాన్ల సైకిలుకు మెల్లగా ఆనుకోవడం చూపించాడు.

"భ్రమరాంబ గారూ, ఏం జరిగింది?"

"గుద్దేసిందండి."

"నిదానంగా చూడండమ్మా. పాలు కూడా ఒలకలేదు. తాకింది అనొచ్చా?"

"తాకడవేటండీ! సైకిలతను చూడండి, గుండె పట్టుకుని ఎలా నిలబడ్డాడో. గుద్దేసిందండి."

తరవాత బస్సు ఒకటి చెట్టును ఢీకొట్టింది. ఆవిడ గుద్దేసిందంది. కారొకటి డివైడరు ఎక్కింది. గుద్దేసిందంది. రెండు మేకపోతులు తలలు ఆనించుకున్న బొమ్మ పొరపాటున వస్తే అప్పుడు మాత్రం, "ఆడుకుంటన్నాయండి," అంది.

సోమయాజులు గొంతు తగ్గించి, "అమ్మా, పాసవ్వాలంటే రకరకాలుగా చెప్పాలి. మీరు అన్నిటికీ ఒకే మాట అంటున్నారు," అన్నాడు.

"మాస్టారూ, మా ఊళ్ళో బండొచ్చి మనిషి మీద పడితే ఆ మాటే అంటారండి. పడ్డోడికి కూడా అదే అనిపిత్తాది. చిన్న గుద్దు, పెద్ద గుద్దు అని డాట్టరుగారు చెబుతారు."

సోమయాజులుకు ఆ జవాబు నచ్చింది. అయినా మార్కులు వేయడానికి ఆయనకు అధికారం లేదు. భ్రమరాంబ తప్పింది. 'క్రియాపద అర్హత లేని సాక్షి' అని ఒక కార్డు ఆవిడ మెడలో వేసి పంపించారు. పరీక్షలో మొదటి స్థానం తాసిల్దారుకు వచ్చింది. ఆయన ఏది చూసినా పై అధికారిని సంప్రదించి చెబుతానన్నాడు.

అర్హత గల సాక్షి లేని కేసుల్లో పట్టికలోని అతి చిన్న క్రియే వర్తిస్తుందని నిబంధన. కనక లోవరాజును వ్యాను 'తాకినది' అని ఫైల్లో చేరింది. వేగం పది కిలోమీటర్లు. ఆ పైన ఇంకో చిక్కుంది. ఇరవై దాటని క్రియలను ప్రమాదాలుగా లెక్కించరు. వాటికి 'రహదారి స్పర్శ' అని వేరే పేరుంది.

ఈ పేరు జిల్లాను మార్చేసింది. అర్హత గల సాక్షులు చాలా కొద్దిమందే తయారయ్యారు గనక, నూటికి తొంభై ప్రమాదాలు స్పర్శలైపోయాయి. జిల్లాలో వాహనాల సగటు వేగం సగానికి సగం పడిపోయింది. ఒక్క స్పీడు బ్రేకరైనా వేయకుండా, ఒక్క డ్రైవరునైనా ఆపకుండా ఇది సాధించినందుకు పరాంకుశరావును సన్మానించారు. ఇతర జిల్లాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఆ ఉత్సాహంలో ఆయన ఇంకో ఉత్తర్వు ఇచ్చాడు. 'తగులుట'కు మించిన క్రియలు ఎవరు వాడాలన్నా ఇకనుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. లాకుల దగ్గర రిక్షాలో మైకు పెట్టి చాటింపు వేశారు. ఆ రిక్షాను వెనకనుంచి ఒక మినీలారీ తాకింది. మైకు వాడు ఆస్పత్రిలో చేరాడు.

పెద్దాసుపత్రిలో లోవరాజు కాలికి రాడ్డు వేయాలన్నారు. ఖర్చు వ్యాను తాలూకు బీమా కంపెనీ పెట్టుకోవాలి. వాళ్ళు ఫైలు చూసి, తాము ప్రమాదాలకే గాని స్పర్శలకు బాధ్యులం కామన్నారు. కాలు కట్టు మీద అలాగే ఉండిపోయింది. రోజులు గడిచేకొద్దీ ఎముక వంకరగా అతుక్కుంటుందేమోనని ఎముకల డాక్టరు కంగారుపడుతున్నాడు. కాలు విరిగిందని ఆయన ఇచ్చిన సర్టిఫికెట్‌ను విభాగం వెనక్కి పంపింది. పది కిలోమీటర్ల క్రియకు రెండు చోట్ల విరగడం పొసగదు గనక, వీలైతే ఒక చోటికి కుదించమని కోరింది.

లోవరాజు పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆస్పత్రి నేల పలకలు చూస్తూ పడుకునేవాడు. ఒక రోజు భార్య నూకరత్నంతో అన్నాడు.

"మూలన ఆ పలక సరిగ్గా కూర్చోలేదే. ఎవరేశారో గాని. నేను మళ్ళీ గొంతుక్కూర్చోగలనంటావా?"

నూకరత్నం లేచి అతని దుప్పటి సర్దింది. మర్నాడు పొద్దున్నే గణపతి వ్యానెక్కి పరాంకుశరావు ఆఫీసుకు వెళ్ళింది. మొగుణ్ణి పడగొట్టిన బండిలోనే వెళ్ళాల్సొచ్చిందని ఏడ్చుకుంటూ వెళ్ళింది. తిన్నగా తోలమని దారి పొడవునా గణపతిని తిట్టుకుంటూ కూడా వెళ్ళింది. అతను తిన్నగానే తోలాడు.

పరాంకుశరావు వాళ్ళను ఆదరంగానే కూర్చోబెట్టాడు.

"అయ్యా, మా ఆయన కాలు విరిగిపోయిందండి," అంది నూకరత్నం.

"చూడమ్మా, విరుగుట అనేది ఫలిత క్రియ. మా విభాగం కారణ క్రియలకే పరిమితం. విరుగుట ఆరోగ్యశాఖ పరిధిలోకి వస్తుంది."

"ఆళ్ళు మీ దగ్గరికి పంపారండి."

"పంపుతారు. వారికి మా క్రియ కావాలి. మా క్రియ తాకుట. దానికి తగిన ఫలితం వారు చూసుకోవాలి. నొప్పి పెట్టుట వరకు మాకు అభ్యంతరం లేదు. వాచుట కూడా పరిశీలించవచ్చు."

గణపతి లేచి నిలబడ్డాడు. "అయ్యా, నేనే కదండీ డ్రైవర్ని. నేను చెబుతున్నాను కదండీ. తాకలేదండి. గుద్దేశానండి."

"నెమ్మది. మీరు ఇప్పుడు వాడిన క్రియకు అనుమతి ఉందా?"

"నేను చేసిందానికి అనుమతేంటండీ?"

"చేయడానికి అనుమతి అక్కర్లేదు. చెప్పడానికి కావాలి. పైగా మీ మీటరు సున్నా చూపిస్తోంది. పట్టిక పది అంటోంది. మీరు యాభైకి లెక్కగట్టే క్రియ వాడుతున్నారు. ప్రభుత్వ వేగం కన్నా ఎక్కువ వేగం చెప్పుకోవడం అతిశయోక్తి. అది నేరమేమో చూడాల్సి ఉంటుంది."

వారం తిరక్కుండా గణపతికి నోటీసు వచ్చింది. మనిషిని గుద్దినందుకు కాదు, గుద్దేశానని బహిరంగంగా అన్నందుకు.

ఆ నోటీసు అందించే పని దావీదుకే పడింది. అతను చదివి, మడిచి గణపతి చేతిలో పెట్టి, తిన్నగా ఆస్పత్రికి వెళ్ళి లోవరాజు మంచం పక్కన కూర్చున్నాడు. అతని కాలికేసి కాసేపు చూశాడు.

"నాది పొరపాటయ్యా. ఆ వేగం గడి ఒక్కటీ ఖాళీగా వదిలేసి కోర్టుకి పంపాల్సింది. ఇప్పుడైనా పంపిస్తాను. మా పైవాళ్ళు ఏమన్నా అంటే అననీ," అన్నాడు.

అన్నట్టే మర్నాడు వకీలును మాట్లాడి, ఆలస్యమైతే కాలు పాడవుతుందని డాక్టరు చేత రాయించి, కేసు తొందరగా జడ్జిగారి ముందుకు వచ్చేలా చేశాడు. పై అధికారి పిలిచి చీవాట్లు పెడితే తలొంచుకుని వినొచ్చాడు.

జడ్జిగారు సన్నగా, పొట్టిగా ఉండే ఆడమనిషి. తక్కువ మాట్లాడుతుంది. కోర్టు హాలు నిండిపోయింది. లోవరాజును చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. బీమా కంపెనీ వకీలు పక్కన పరాంకుశరావు పట్టికతో కూర్చున్నాడు. వెనక బెంచీ మీద సోమయాజులు, అవసరమైతే పిలుస్తారని రప్పించారు గనక, గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

భ్రమరాంబ బోను ఎక్కింది. మెడలో కార్డు ఉంది.

"ఏం చూశావమ్మా?" అంది జడ్జి.

"వ్యాను వచ్చేసి లోవరాజుని..."

"అభ్యంతరం!" పరాంకుశరావు లేచాడు. "ఈ సాక్షికి క్రియాపద అర్హత లేదు. వచ్చివేయుట అనే సంయుక్త క్రియను ఇప్పటికే వాడింది. తరవాత రాబోయేది ఇంకా పెద్దదని మాకు సమాచారం ఉంది."

జడ్జి పట్టిక తెప్పించుకుని చూసింది. చాలాసేపు చూసింది. ముఖంలో ఏమీ కనబడలేదు. "ఉత్తర్వు రద్దయ్యే దాకా ఉత్తర్వే. దీని సంగతి తరవాత చూస్తాను. ముందు, ఇందులో క్రియల మీదే ఆంక్ష ఉంది, మిగతా మాటల మీద లేదు కదా?"

"ప్రస్తుతానికి లేదు," అన్నాడు పరాంకుశరావు గర్వంగా.

భ్రమరాంబ ఇటూ అటూ చూసింది. ఆవిడకు భయంగానే ఉంది. కుర్చీలో లోవరాజు తల వంచుకుని ఉన్నాడు. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే ఏ పనీ జరిగినట్టు చెప్పకూడదాండి? ఉన్నవి ఉన్నట్టు చెప్పొచ్చాండి?"

"చెప్పు," అంది జడ్జి.

ఆవిడ కళ్ళు మూసుకుంది. మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ మొదలెట్టింది.

"రోడ్డండి. రోడ్డు మజ్జిన గేదండి. మార్జిన్లో లోవరాజండి. మార్జిన్లోనే వ్యానండి. అంతేనండి, ఒక్క రెప్పపాటండి. మోపెడ్డు మోపెడ్డు చోటేనండి. లోవరాజు మాత్రం తుప్పల్లోనండి. మొహవంతా రక్తవండి. కాలు ఇలాగుండాల్సింది..." నాలుక కరుచుకుంది. "కాలు మడమ ముందుకండి, వేళ్ళు వెనక్కండి. ఒక చెప్పు నా బండి చక్రం దగ్గరండి. రెండో చెప్పు కాలవ అవతలండి."



"అభ్యంతరం!" పరాంకుశరావు మళ్ళీ లేచాడు. "సాక్షి రెండుసార్లు 'చెప్పు' అన్నది. అది విధ్యర్థక క్రియ. కోర్టులో నిలబడి అధికారులను ఆజ్ఞాపిస్తోంది."

జడ్జి వెనక బెంచీకేసి చూసింది. "మాస్టారూ, మీరేమంటారు?"

సోమయాజులు గొడుగు ఊతంగా లేచాడు. పరాంకుశరావుకేసి చూడలేదు. "అమ్మా, ఇందాక తమరు అన్నది క్రియ. ఈవిడ అన్నది నామవాచకం. నోటితో చేసేదైతే క్రియ, కాలికి తొడుక్కునేదైతే నామవాచకం." కాస్త ఆగి, "ఆ పట్టిక రాసింది నేనే. సాక్ష్యంలో ఇంత మంచి తెలుగు మా పట్టిక వల్ల వస్తుందని నేననుకోలేదు. అయినా అది రాయకుండా ఉండాల్సింది," అని కూర్చున్నాడు.

జడ్జి భ్రమరాంబ వైపు తిరిగింది. "రెండో చెప్పు కాలవ అవతలా?"

"అవతలేనండి. రేవు మెట్ల మీదండి."

"వ్యాను తాకితే చెప్పు కాలవ దాటుతుందా, పరాంకుశరావు గారూ?"

"చెప్పుల గమనం మీద మా విభాగం ఇంకా అధ్యయనం చేయలేదు."

జడ్జి గణపతిని పిలిచింది. "నువ్వే కదా నడిపింది? గుద్దావా?"

గణపతి జేబులో నోటీసు మీద చెయ్యి వేసుకుని, "గుద్దేశానండి," అన్నాడు.

"ఎంత వేగంలో?"

"తెలీదండి. అడిగారని నలభై అన్నానండి. నిజానికి తెలీదండి."

"సరే, తెలీదనే రాసుకుందాం. మార్జిన్లో నడిచే మనిషి మీదికి వెళ్ళడానికి ఏ వేగమైనా ఎక్కువే."

ఆపరేషన్ వెంటనే చేయించాలని, ఖర్చు కంపెనీయే భరించాలని ఆర్డరు వేసింది. పట్టికను మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. భ్రమరాంబ బోను దిగుతూ మెడలో కార్డు తీసి పరాంకుశరావు ముందు బల్ల మీద పెట్టింది.

"మీ సామాను మీ దగ్గిరే ఉంచుకోండి బాబూ," అంది.

లోవరాజు కాలికి రాడ్డు పడింది. కట్టు విప్పాక చాలాకాలం చంక కర్రలతో, తరవాత ఒంటి కర్రతో నడిచాడు. గణపతి వారానికోసారి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. మొదట్లో నూకరత్నం మొహం తిప్పుకునేది. తరవాత్తరవాత టీ ఇచ్చి, గ్లాసు కడిగి వెళ్ళమనేది. గొంతుక్కూర్చోవడం లోవరాజుకు మళ్ళీ రాలేదు. గణపతే ఎక్కడో చెక్క సంపాదించి, నాలుగు చిన్న చక్రాలు బిగించిన పీట ఒకటి చేయించి తెచ్చాడు. దాని మీద కూర్చుని, కాలు చాపుకుని, వెనక్కి జరుగుతూ పలకలు పేర్చడం లోవరాజు ఇంట్లోనే నేర్చుకున్నాడు.

వేగక్రియా పట్టిక రద్దయింది. విభాగం రద్దు కాలేదు. కోర్టులో తనకు తట్టిన లోపాన్ని పరాంకుశరావు వెంటనే సవరించుకున్నాడు. మనుషులు మాట్లాడతారు, అదే వాళ్ళతో వచ్చిన చిక్కు. చెప్పులు మాట్లాడవు. భయపడవు, ఎవరి మొహమూ చూడవు, ఎంత దూరం పడాలో అంత దూరమే పడతాయి. 'పాదరక్షా సాక్ష్య పథకం' కింద జిల్లాలో ఎవరికి దెబ్బ తగిలినా ముందు చెప్పులు వెతకాలని ఉత్తర్వు వచ్చింది. మనిషిని తరవాత ఎత్తొచ్చు. పట్టీ తెగిన చెప్పులతో రోడ్డెక్కేవాళ్ళను సాక్ష్యం తారుమారు చేస్తున్నారని పట్టుకోవడం మొదలెట్టారు. ఊళ్ళో కొంతమంది జాగ్రత్తపరులు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు.

పథకానికి తొలి నమూనాగా లోవరాజు చెప్పుల జతను జిల్లా కేంద్రంలో అద్దాల పెట్టెలో ఉంచాలని నిర్ణయించారు. తీసుకురమ్మని ఒక కానిస్టేబులును పంపించారు. అతను వచ్చేసరికి నూకరత్నం వాకిట్లో బట్టలు ఆరేస్తోంది.

"మేడిశెట్టి లోవరాజు చెప్పులు. సాక్షులుగా హాజరుపరచాలి," అన్నాడతను.

"లేవండి. ఆయన వేసుకెళ్ళారండి."

"ఎక్కడికి?"

"పనికండి. ఇవాళే మొదలెట్టారండి. వెనక వీధిలో వంటగది పలకలు."

కానిస్టేబులు కాగితం తీశాడు. సాక్షి ఎలా వెళ్ళిందో, ఏ వాహనంలో వెళ్ళిందో, ఎంత వేగంతో వెళ్ళిందో రాయాలి. "ఎలా వెళ్ళాడమ్మా? బండి మీదా?"

"నడిచెళ్ళారండి," అంది నూకరత్నం. చేతిలో తడి చొక్కా దండెం మీద వేయడం మరిచిపోయి, ఆ మాట ఇంకోసారి అనాలనిపించి, "కర్ర కూడా లేకండా. నడిచేనండి," అంది.

కానిస్టేబులు తన దగ్గరున్న ఉత్తర్వులన్నీ తిరగేశాడు. ఆ క్రియకు వేగం ఎక్కడా లేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి వెళ్ళిపోయాడు.